‘మా దగ్గర అది తిట్టు కాదు’: ఆటలో జాతి అవమానం గురించి ఒక ప్రసంగం

(మాట్లాడిన తీరును వీలైనంత వరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ఉపోద్ఘాతం ఏమీ లేకుండా నేరుగా సిడ్నీకి వెళ్దాం. 2008 జనవరి, ఇండియా–ఆస్ట్రేలియా టెస్టు. ఇక్కడున్నవాళ్లలో చాలామంది ఆ మ్యాచ్ చూస్తూ టీవీ మీద అరిచినవాళ్లే అయ్యుంటారు. (నవ్వులు) అంపైరింగ్ గొడవ పక్కన పెట్టండి, దాని గురించి మొదలుపెడితే తెల్లారిపోతుంది. ఆ ఒక్క మ్యాచ్‌లో రెండు తిట్ల మీద రెండు ఫిర్యాదులు నడిచాయి. మొదటిది అందరికీ గుర్తే. హర్భజన్ సింగ్ తనను కోతి అన్నాడని ఆస్ట్రేలియా ఆటగాడు ఆండ్రూ సైమండ్స్ చెప్పాడు. రెండోది ఇప్పుడు పెద్దగా ఎవరికీ గుర్తులేదు. ఆస్ట్రేలియా స్పిన్నర్ బ్రాడ్ హాగ్ మన కుంబ్లేనీ ధోనీనీ ‘బాస్టర్డ్స్’ అన్నాడని మనవాళ్లు ఫిర్యాదు చేశారు. అది కూడా హర్భజన్ మీద ఉన్నట్టే ఐసీసీ నియమావళిలో మూడో స్థాయి అభియోగమే, అంటే తీవ్రమైనదే.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఆస్ట్రేలియావాళ్లకు బాస్టర్డ్ అన్నది తిట్టులో లెక్కే కాదు, దగ్గరి స్నేహితుణ్ని కూడా అలాగే పిలుస్తారు. 1932–33లో ఇంగ్లండ్, ఆస్ట్రేలియా ఆడిన బాడీలైన్ సిరీస్ నాటిదని చెప్పుకునే కథ ఒకటి ఉంది. ఇంగ్లండ్ కెప్టెన్ జార్డిన్ ఆస్ట్రేలియా డ్రెస్సింగ్ రూమ్‌కి వెళ్లి, మీవాడొకడు నన్ను బాస్టర్డ్ అన్నాడని ఫిర్యాదు చేశాడట. దానికి ఆస్ట్రేలియా ఆటగాడు లోపలికి తిరిగి, ‘ఈ బాస్టర్డ్‌ని బాస్టర్డ్ అన్న బాస్టర్డ్ ఎవర్రా?’ అని అడిగాడట. (నవ్వులు) నిజమో కాదో గానీ, ఆ మాటకు అక్కడున్న విలువ ఎంతో ఈ కథే చెబుతుంది. మన దగ్గరికొస్తే అదే మాట మనిషి పుట్టుకను, కన్నతల్లిని అంటుంది. దాని మీద కత్తులు దూసుకున్న ఊళ్లున్నాయి. కోతి అంటారా, అల్లరి చేసే పిల్లవాణ్ని రోజుకు పదిసార్లు అంటాం.

అంటే ఇరుపక్షాలూ ఒకే మాట అన్నాయి: ‘మా దగ్గర అది తిట్టు కాదు.’ ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఈ వాక్యం గురించే. ఇది ఎంత దూరం నిజం, ఎక్కడ ఆగిపోతుంది.

ముందు ఆ కేసు ఏమైందో చెప్పి ముందుకెళ్తాను. మ్యాచ్ రెఫరీ మైక్ ప్రాక్టర్ హర్భజన్‌కి మూడు టెస్టుల నిషేధం వేశాడు. అప్పీలు అడిలైడ్‌లో న్యూజిలాండ్ న్యాయమూర్తి జాన్ హాన్సెన్ ముందుకు వచ్చింది. కోతి అన్న మాట ఏ మైకులోనూ దొరకలేదు. తాను హిందీలో తల్లి మీద తిట్టు తిట్టానే తప్ప ఆ మాట అనలేదన్నది హర్భజన్ వాదన. జాతి అవమానం రుజువు కాలేదని హాన్సెన్ నిషేధం ఎత్తేసి, తిట్టినందుకు సగం మ్యాచ్ ఫీజు కోత వేశాడు. హాగ్ మీద ఫిర్యాదును కుంబ్లే వెనక్కి తీసుకున్నాడు. ఇందులో ఉన్న విచిత్రం గమనించారా? మన సమాజంలో అన్నిటికంటే పెద్దదైన తిట్టును ఒప్పుకుంటే చిన్న శిక్ష పడింది. ఏ తిట్టు బరువెంత అన్న తూకంరాళ్లు ఐసీసీ పుస్తకంలో వేరు, మన ఇళ్లలో వేరు.

ఇప్పుడు మనకు కాస్త ఇబ్బంది కలిగించే సంగతి. ఈ కేసుకు మూడు నెలల ముందు, 2007 అక్టోబర్‌లో, వడోదరలోనూ తర్వాత ముంబైలోనూ స్టాండ్స్‌లో జనం సైమండ్స్‌ని చూసి కోతి కూతలు కూశారు, చేష్టలు చేశారు. అప్పుడు కొందరు పెద్దమనుషులు హనుమంతుణ్ని వాదనలోకి లాగారు. మేము కోతిని పూజించే వాళ్లం, మాకది అవమానం ఎలా అవుతుంది అని. వినడానికి బాగుంది. కానీ ఆ కూతలు కూసినవాళ్లెవరికైనా ఆంజనేయస్వామి గుర్తొచ్చి ఉంటాడా? అదే టీమ్‌లో తెల్లటి ఆటగాళ్లు పదిమంది ఉన్నారు. వాళ్లలో ఎవరికీ దక్కని ఆ భక్తి, నల్లజాతి కరీబియన్ మూలాలున్న ఒక్క సైమండ్స్‌కే ఎందుకు దక్కింది? ఈ ప్రశ్నకు సంస్కృతి నుంచి జవాబు రాదు. మాట మామూలుదే కావచ్చు. పదకొండు మందిలో ఒక్కణ్ని ఏరుకుని ఆ మాట అనడంలో ఉంది సంగతంతా.

సరే, క్రికెట్ పక్కనపెట్టి ఉరుగ్వే వెళ్దాం. ఈ విషయంలో ప్రపంచానికి పాఠ్యపుస్తకంలాంటి దేశం అది. ముప్పై నలభై లక్షల జనాభా, కానీ ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో వచ్చిన ఈ రకం కేసుల్లో పలుసార్లు అక్కడి ఆటగాళ్ల పేర్లే వినిపించాయి.

2011 అక్టోబర్ 15, ఆన్‌ఫీల్డ్. లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ స్వారెజ్, మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు పాట్రిస్ ఎవ్రా గోల్ ముందు గొడవపడ్డారు. ఇద్దరూ స్పానిష్‌లోనే మాట్లాడుకున్నారు. స్వారెజ్ ఎవ్రాని ‘నెగ్రో’ అన్నాడు. స్పానిష్‌లో ఆ మాటకు నలుపు అని అర్థం. ఉరుగ్వేలో భార్య భర్తను పిలుస్తుంది, తల్లి కొడుకును పిలుస్తుంది, ఒంటిరంగు ఏదైనా సరే. 1950 ప్రపంచకప్ గెలిపించిన కెప్టెన్ ఒబ్దూలియో వరేలాను జనం ‘నల్ల నాయకుడు’ అనే పిలుచుకున్నారు, ఇప్పటికీ గౌరవంగానే. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం విచారణ సంఘం వేసింది. వాళ్లు 115 పేజీల నివేదిక రాశారు. ఆసక్తి ఉన్నవాళ్లు తప్పక చదవండి, మధ్యాహ్నం భోజనం తర్వాత మాత్రం వద్దు. (నవ్వులు)

ఆ నివేదికలో నాకు విలువైనదిగా అనిపించింది ఒకటుంది. లాటిన్ అమెరికా భాషా సంస్కృతుల మీద పనిచేసిన ఇద్దరు నిపుణులను పిలిచి అడిగారు. వాళ్లు చెప్పిందేమిటంటే, స్వారెజ్ చెప్పినట్టు సర్దిచెప్పే ధోరణిలో ‘ఏంటి, నెగ్రో?’ అని ఉంటే ఉరుగ్వే చెవికి అది తప్పుగా వినబడదు. ఎవ్రా చెప్పినట్టు ‘నువ్వు నల్లోడివి కాబట్టి తన్నాను, నల్లోళ్లతో నేను మాట్లాడను’ అనే అర్థంలో అని ఉంటే, అది ఉరుగ్వేలో కూడా జాతి అవమానమే. చూశారా? అప్పటిదాకా అందరూ దీన్ని ఇంగ్లండ్ సంస్కృతికీ ఉరుగ్వే సంస్కృతికీ మధ్య తగవు అనుకున్నారు. నిపుణులు దాన్ని మామూలు సాక్ష్యం ప్రశ్నగా మార్చేశారు: ఆ రోజు నిజంగా ఏ వాక్యం, ఏ గొంతుతో పలికాడు? గొడవ మధ్యలో స్వారెజ్ ఎవ్రా చేతి చర్మం గిల్లాడు. అది వీడియోలో ఉంది. ముద్దుగా పిలిచే మనిషి చర్మం గిల్లుతాడా? విచారణ సంఘం ఎవ్రా మాటే నమ్మింది. ఎనిమిది మ్యాచ్‌ల నిషేధం, 40,000 పౌండ్ల జరిమానా. నా లెక్కలో ఆ తీర్పు సరైనదే.

ఇక 2020 నవంబర్. మాంచెస్టర్ యునైటెడ్ తరఫున ఎడిన్సన్ కవానీ సౌతాంప్టన్ మీద రెండు గోల్స్ కొట్టాడు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక స్నేహితుడు అభినందిస్తే ‘గ్రాసియాస్ నెగ్రీతో’ అని జవాబిచ్చాడు. ‘నెగ్రో’కి ముద్దురూపం అది, మనమైతే ‘థ్యాంక్స్ రా బంగారం’ అన్నట్టు అనుకోండి. అవతలివాడు స్నేహితుడు, గొడవ లేదు, ఎవరూ బాధపడలేదు. కవానీ పోస్టు తీసేసి క్షమాపణ కూడా చెప్పాడు. అయినా మూడు మ్యాచ్‌ల నిషేధం, లక్ష పౌండ్ల జరిమానా. ఎనిమిది మ్యాచ్‌ల నిషేధం పడిన స్వారెజ్ కట్టినదానికంటే రెండున్నర రెట్లు ఎక్కువ! ఉరుగ్వే భాషా అకాడమీ వాళ్లు మామూలుగా ఫుట్‌బాల్ జోలికి రారు. వాళ్లు కూడా బయటికొచ్చి, మీకు మా స్పానిష్ రాదు అని ప్రకటన ఇచ్చారు. ఇక్కడ నేను ఉరుగ్వే పక్షమే. ఇంగ్లండ్ నిబంధన ప్రకారం ఆ మాట అవమానకరమా కాదా అన్నది బయటి చూపుతో తేలుస్తారు, అన్నవాడి ఉద్దేశం శిక్ష దగ్గరే లెక్కలోకి వస్తుంది. నిబంధన ఉండొచ్చు. కానీ ఇద్దరు ఉరుగ్వేవాళ్లు తమ భాషలో ప్రేమగా మాట్లాడుకుంటుంటే మధ్యలో దూరి, మీ మాటకు మా దేశంలో ఇంకో అర్థం ఉందని లక్ష పౌండ్లు గుంజడం కూడా ఒకరకం పెత్తనమే.

ఉరుగ్వేవాళ్లకు ఇంత రోషం రావడానికి ఇంకో కారణం ఉంది. 1916లో మొట్టమొదటి దక్షిణ అమెరికా టోర్నీలో ఉరుగ్వే చిలీని 4–0తో ఓడించింది. వాళ్ల జట్టులో ఇద్దరు నల్లజాతి ఆటగాళ్లు, గ్రాదీన్, డెల్గాడో ఉన్నారు. చిలీవాళ్లు మర్నాడు ఏమన్నారో తెలుసా? ఉరుగ్వే ఇద్దరు ఆఫ్రికన్లను దింపింది, మ్యాచ్ రద్దు చేయండి అన్నారు. ఉరుగ్వే ఒప్పుకోలేదు, ఆ ఇద్దరినీ ఆడించింది. అలాంటి చరిత్ర ఉన్న దేశాన్ని పట్టుకుని మీకు రేసిజం గురించి మేం నేర్పుతాం అంటే, సహజంగానే మండుతుంది.

ఇంతవరకూ వచ్చాక, అయితే సంస్కృతి వాదమే గెలిచింది కదా అనుకుంటారేమో. ఆగండి. ‘మా దగ్గర అది తిట్టు కాదు’ అన్నప్పుడు ఆ ‘మా’ ఎవరు? 2013లో, అంటే స్వారెజ్ కేసు జరిగిన రెండేళ్లలోపే, మాంటెవిడియోలో ఆఫ్రికా సంతతివాళ్లు నడుపుకునే సాంస్కృతిక కేంద్రం ఒక ఉద్యమం మొదలుపెట్టింది. ‘నల్లోడిలా చాకిరీ చేయడం’ అన్న పలుకుబడి స్పానిష్ నిఘంటువులో ఉంది, దాన్ని తీసేయమని స్పెయిన్‌లోని రాయల్ అకాడమీని అడిగింది. వాళ్లూ ఉరుగ్వేవాళ్లే. ఆ భాషలోనే పుట్టి పెరిగినవాళ్లే. బయటికి చూస్తే ఒకే గొంతుతో మాట్లాడినట్టుండే సంస్కృతిలో లోపల ఎన్ని గొంతులుంటాయో చూడండి. ఆ మాట అనేవాడికీ పడేవాడికీ మధ్య గీత దేశాల సరిహద్దు మీదే పడాలని లేదు. ఒకే వీధిలో పడొచ్చు.

ఇదే గీత మన డ్రెస్సింగ్ రూముల్లోనూ ఉంది. డారెన్ సామీ 2013, 2014 సీజన్లలో సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు ఆడాడు. వెస్టిండీస్‌కు రెండు టీ20 ప్రపంచకప్‌లు తెచ్చిన కెప్టెన్. తననీ శ్రీలంక ఆటగాడు తిసార పెరీరానీ అప్పట్లో ‘కాలూ’ అని పిలిచేవారని, దానికి బలమైన గుర్రంలాంటివాడు అని అర్థం అనుకున్నానని, 2020 జూన్‌లో ‘నల్లోడు’ అన్న అసలు అర్థం తెలిసి కోపం వచ్చిందని చెప్పాడు. నాకు దీంట్లో అన్నిటికంటే గుచ్చుకునేది అతను పొరబడిన తీరు. పిలిచినప్పుడు అందరూ నవ్వేవాళ్లట. వాళ్లు సంతోషంగా ఉన్నారు కదా, సరదా మాటే అయ్యుంటుంది అనుకుని తనూ నవ్వాడు. ఆరేళ్ల తర్వాత తెలిసింది. తర్వాత వాళ్లలో ఒకరితో మాట్లాడానని, అతను ప్రేమతోనే అన్నాడని, ఆ మాట నమ్ముతున్నానని సామీయే ప్రకటించాడు. బాగుంది. ప్రేమతోనే అన్నారు, ఒప్పుకుంటాను. కానీ అర్థం చెప్పకుండా పిలిచిన ముద్దుపేరు, పిలిపించుకున్నవాడి దృష్టిలో ముద్దుపేరు ఎలా అవుతుంది?

మన దేశంలో నల్లవాణ్ని నల్లోడా అనడం మామూలే కదా, ఇంట్లో కూడా అంటాం కదా అని అప్పుడు చాలామంది అన్నారు. సరే, ఇంట్లోవాళ్లనే అడుగుదాం. 2017లో టెస్ట్ ఓపెనర్ అభినవ్ ముకుంద్ సోషల్ మీడియాలో ఒక ప్రకటన పెట్టాడు. చిన్నప్పటి నుంచీ తన ఒంటిరంగు మీద జనానికున్న పిచ్చి తనకు అర్థం కాలేదని, ఎండలో ఆడేవాడు నల్లబడతాడని, పేర్లు పెట్టి పిలిస్తే నవ్వి ఊరుకుంటూ వచ్చానని రాశాడు. 2021లో మాజీ లెగ్ స్పిన్నర్ లక్ష్మణ్ శివరామకృష్ణన్ ఇంకా సూటిగా, జీవితమంతా, సొంత దేశంలోనే రంగు వివక్ష పడ్డాను అన్నాడు. ఈ ఇద్దరూ బయటివాళ్లు కాదు, వాళ్లకు మన సంస్కృతి తెలియదని అనలేం. మరి మామూలే అని సర్టిఫికెట్ ఇచ్చింది ఎవరు?

పాకిస్తాన్‌లోనూ ఇదే జరిగింది. 2019 జనవరిలో డర్బన్‌లో కెప్టెన్ సర్ఫరాజ్ అహ్మద్ వికెట్ల వెనక నుంచి దక్షిణాఫ్రికా ఆటగాడు ఫెలుక్వాయోను ఉర్దూలో ‘అబే కాలే’, అంటే ‘ఒరేయ్ నల్లోడా’ అని మొదలుపెట్టి, మీ అమ్మ ఇవాళ ఎక్కడ కూర్చుంది, ఏం ప్రార్థన చదివించుకుని వచ్చావు అన్నాడు. ఫెలుక్వాయోకి ఉర్దూ రాదు. స్టంప్ మైక్‌కి అన్ని భాషలూ వచ్చు. (నవ్వులు) నాలుగు మ్యాచ్‌ల సస్పెన్షన్. విన్నవాడికి అర్థం కాకపోతే నేరం ఎక్కడిది అని అప్పుడు ఒక వాదన వచ్చింది. నాకైతే అర్థం కాదన్న ధైర్యంతో అనడమే ఎక్కువ చెత్తగా కనిపిస్తుంది.

నన్ను నిజంగా తికమక పెట్టిన కేసు పారిస్‌లో జరిగింది. 2020 డిసెంబర్ 8, ఛాంపియన్స్ లీగ్, పారిస్ సెయింట్ జెర్మైన్‌కీ ఇస్తాంబుల్ బషక్‌షెహీర్‌కీ మ్యాచ్. మైదానం పక్కన నిలబడే నాలుగో అధికారి రొమేనియావాడు. ఇస్తాంబుల్ బెంచ్ మీద ఉన్న కామెరూన్ సహాయ కోచ్ పియెర్ వెబోని మందలించమని తన రొమేనియన్ రిఫరీకి చెబుతూ, ఎవరన్నది గుర్తుపట్టడానికి ‘ఆ నల్లతను’ అన్నాడు. రొమేనియన్‌లో ‘నెగ్రు’ అంటే నలుపు, అంతే. తిట్టలేదు. ద్వేషం ఉన్నట్టూ కనిపించదు. వెబో మండిపడ్డాడు. సబ్‌స్టిట్యూట్‌గా ఉన్న దెంబా బా లేచివచ్చి ఆ అధికారిని అడిగిన ప్రశ్న ప్రపంచమంతా వినబడింది: తెల్లవాడి గురించి చెప్పేటప్పుడు ‘ఆ తెల్లతను’ అనవు, ‘అతను’ అంటావు. నల్లవాడైతే మాత్రం ‘ఆ నల్లతను’ అని ఎందుకంటావు? రెండు జట్లూ మైదానం వదిలి వెళ్లిపోయాయి. ఖాళీ స్టాండ్స్ కాబట్టి ప్రతి మాటా టీవీలో వినబడింది. మ్యాచ్ మర్నాడు కొత్త అధికారులతో పూర్తిచేశారు.

ఆ అధికారికి సీజన్ చివరిదాకా సస్పెన్షన్ పడింది. అయితే యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ దాన్ని అనుచిత ప్రవర్తన అంది గానీ జాతి వివక్ష అనలేదు. ఈ తేడా సరైనదని నేననుకుంటాను. దెంబా బా ప్రశ్న కూడా సరైనదే. రెండూ ఒకేసారి సరైనవి కావచ్చు. ఆ మనిషి తప్పు చేశాడు, కానీ అతను స్వారెజ్ కాదు.

సైగల సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే అక్కడ చిక్కు తక్కువ. 2017లో అమెరికా బేస్‌బాల్ ఫైనల్స్ అయిన వరల్డ్ సిరీస్‌లో క్యూబా ఆటగాడు యూలి గురియెల్, జపాన్ పిచర్ యూ దార్విష్ బంతిని హోమ్‌రన్ కొట్టి, డగౌట్‌లో కళ్లు రెండువైపులా లాగి చూపించాడు. క్యూబాలో ఆసియావాళ్లందరినీ ‘చీనో’ (చైనావాడు) అంటాం, అవమానించాలని కాదు అన్నాడు. మరి ఈ గురియెల్ అంతకు మూడేళ్ల ముందే జపాన్ లీగ్‌లో ఆడాడు, అది అక్కడివాళ్లకు నచ్చదని తనకు తెలుసని తనే ఒప్పుకున్నాడు. తెలియదన్న సాకు అక్కడే చచ్చిపోయింది. తర్వాతి సీజన్‌లో ఐదు మ్యాచ్‌ల సస్పెన్షన్ వేశారు. దార్విష్ పెద్దమనసుతో, అందరం తప్పులు చేసేవాళ్లమే అని వదిలేశాడు. ఏడో మ్యాచ్‌లో బ్యాటింగ్‌కి వచ్చినప్పుడు గురియెల్ హెల్మెట్ తీసి అతనికి నమస్కరించాడు.

ఇక చివరిగా, అడిగి చూస్తే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ. అమెరికాలో కాలేజీ జట్లకు ఆదివాసీ తెగల పేర్లు, బొమ్మలు ఉండకూడదని 2005లో అక్కడి కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ గట్టిగా పట్టుబట్టింది. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ జట్టు పేరు సెమినోల్స్. ఫ్లోరిడాలోని సెమినోల్ తెగ తమ పేరు వాడుకోవచ్చని చెప్పింది, దాంతో మినహాయింపు వచ్చింది. అదే దేశంలో వాషింగ్టన్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు పేరు ‘రెడ్‌స్కిన్స్’, అంటే ‘ఎర్రచర్మంవాళ్లు’, మీద దశాబ్దాలు గొడవ నడిచి, 2020లో ఆ పేరు పోయింది. రెండూ ఆదివాసుల పేర్లే కదా అనొచ్చు. ఒకటి ఆ తెగ తనకు తాను చెప్పుకునే పేరు. రెండోది వాళ్ల ఒంటిరంగు చూసి బయటివాళ్లు అంటగట్టింది.

టైమ్ దాటిపోతున్నట్టుంది. ఒకటి రెండు ప్రశ్నలు తీసుకుంటాను. చెప్పండి, అమ్మా.

(సభలో నుంచి: ఆటగాడు తన దేశానికి వెళ్లి, తన భాషలో, తన టీవీలో మాట్లాడినా ఇంకో దేశం శిక్ష వేయొచ్చా?)

మంచి ప్రశ్న, మళ్లీ ఉరుగ్వేకే తీసుకెళ్లారు. (నవ్వులు) 2024 జూన్‌లో టాటెన్‌హామ్ ఆటగాడు రోద్రిగో బెంటాంకూర్ ఉరుగ్వే టీవీలో సరదాగా మాట్లాడుతూ, తన క్లబ్ కెప్టెన్, కొరియా ఆటగాడు సోన్ జెర్సీ ప్రస్తావన వస్తే, సోన్ చుట్టాలదైనా ఫర్వాలేదు, వాళ్లంతా ఒకేలా ఉంటారు కదా అన్నాడు. కొరియాలో పెద్ద దుమారం రేగింది. ఇంగ్లండ్‌లో ఏడు మ్యాచ్‌ల నిషేధం, లక్ష పౌండ్లు. నేను కవానీ విషయంలో ఇంగ్లండ్‌ని తప్పుపట్టాను కదా, ఇక్కడ పట్టను. దేశం ఏది, భాష ఏది అన్నది కాదు నేను చూసేది. కవానీ ఎవరితో మాట్లాడాడో అతను ఆ మాటలో భాగస్వామే. బెంటాంకూర్ ఎవరి గురించి మాట్లాడాడో ఆ మనిషి ఆ గదిలో లేడు, జోకులో భాగస్వామి కాడు. సోన్ అతన్ని క్షమించాడు, అది సోన్ మంచితనం. కానీ ఆ జోకు సోన్ ఒక్కడి మీద వేసింది కాదు, మొత్తం ఒక జాతి మొహాల మీద వేసింది. వాళ్లందరి తరఫున సోన్ క్షమించలేడు. ఏడు మ్యాచ్‌లు ఎక్కువా అంటే, నాలుగైదు సరిపోయేవేమో. ఆ బేరం మీద నాతో ఎవరైనా వాదించొచ్చు.

ఇంకో చెయ్యి లేచింది, వెనక వరసలో. మైక్ అటివ్వండి.